మూడో అడుగు తర్వాత నాలుగు సెకన్లు

పోయిన శనివారం మధ్యాహ్నం మేముండే ఈ పరాయి దేశంలో, బూన్ లే పేటలో, ఒక ఫుడ్ కోర్టులో చేపల సూపు కోసం కూర్చున్నాను. ఆ దుకాణంలో డబ్బు కట్టగానే అరచేతి వెడల్పున ఉండే గుండ్రటి నల్లబిళ్ల ఒకటి చేతికిస్తారు. మన వంతు రాగానే అది ఎర్రదీపాలు వెలిగించుకుని బల్ల మీద గిలగిల కొట్టుకుంటుంది. నేను దాన్ని మరిచిపోయి అద్దంలోంచి బస్సులు చూస్తున్నాను. "అంకుల్, మీది షేక్ అవుతోంది" అని ఒక గొంతు వినిపించింది. తలెత్తితే మా బ్లాకు ఎనిమిదో అంతస్తులోని హైదరాబాదు ముస్లిం కుటుంబం వాళ్ల అమ్మాయి. నా కళ్లకు ఇంకా ఎనిమిదేళ్ల పిల్లే. నిజానికి ఈ ఏడాది పాలిటెక్నిక్‌లో చేరిందట. నేను సూపు తెచ్చుకునేలోగా నా ఎదురు కుర్చీలో తన సంచి పెట్టేసుకుంది. కాసేపు చదువు గురించి మాట్లాడి, ఆ బిళ్ల వంకే చూస్తూ, తొమ్మిదేళ్ల కిందటి ఒక నాటకం గురించి ఒక మాట చెప్పింది. ఆ మాట ఏమిటో దాని చోటు వచ్చినప్పుడు చెబుతాను. కొలతలో ముందు సున్నాను సరిచూసుకోవాలి, ఆ తర్వాతే ముల్లు ఎక్కడ ఆగిందో చూడాలి. ఈ కథకు సున్నా మా మిత్రుడు.

అతనిది తెనాలి దగ్గర పల్లె. నాది అనంతపురం. మా వైపు ఒక మనిషిని 'బావా' అని పిలవాలంటే మధ్యలో ఎక్కడో ఒక పెళ్లి జరిగి ఉండాలి. వాళ్ల వైపు రెండుసార్లు కలిసి టీ తాగితే సరిపోతుందని నాకు అప్పటికి తెలియదు. పరిచయమైన రెండో ఆదివారమే నన్ను బావా అన్నాడు. ఆ లెక్కన అతని భార్య నాకు చెల్లెలు కావాలి. ఆమె ఈ తర్కాన్ని నాకంటే ముందే గ్రహించి, "అన్నయ్యగారూ, కాఫీలో చక్కెర ఎంత?" అని అడిగింది. "పది గ్రాములు" అన్నాను అలవాటుగా. నా వృత్తి అది. కర్మాగారాల్లో వాడే తూనికలూ, ఒత్తిడి మీటర్లూ, గడియారాలూ సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో పరీక్షించి, వాటి మీద తేదీ వేసిన చీటీ అంటించే ప్రయోగశాలలో నేను ముప్పై ఏళ్లు పనిచేశాను. అతను పడమటి తీరాన ఒక ఓడల మరమ్మతు యార్డులో సూపర్‌వైజరు. ఓడ అడుగున పట్టిన తుప్పును, ఇసుక లాంటి ఉక్కురవ్వను గాలితో కొట్టి రాలగొట్టే పని వాళ్లది. ఆ పని జరిగేచోట పక్కన నిలబడ్డ మనిషి మాట కూడా వినపడదు. వారానికి ఆరు రోజులు ఆ హోరులో గడిపిన మనిషి, ఏడో రోజు వినడానికీ వినిపించడానికీ తప్ప మరి దేనికీ పనికిరాని నాటకం అనే వ్యవహారంలో పడి ఉండేవాడు.

ఏడాదికి ఒక్కటే నాటకం. మా తెలుగువాళ్ల సంఘం వార్షికోత్సవం నాడు, కమ్యూనిటీ క్లబ్బు హాల్లో, పిల్లల డాన్సులకూ భోజనాలకూ నడుమ అరగంట. ఆ అరగంట కోసం అతను మిగిలిన పదకొండు నెలలూ బతికేవాడు. రచన అతనిదే, దర్శకత్వం అతనిదే, ముఖ్యపాత్ర ఎలాగూ అతనిదే. ఆభరణాలూ అతనే చేసేవాడు. శరత్కాలపు పున్నమి పండుగ అయిపోయిన వారంలో మా బ్లాకులోని చైనీసు ఇళ్లన్నిటి ముందూ తిరిగి పండుగ మిఠాయి మూన్‌కేకుల ఖాళీ డబ్బాలు సేకరించేవాడు. ఆ బంగారురంగు రేకును యార్డు నుంచి తెచ్చిన కత్తెరతో కత్తిరించి, అంచులు మడిచి, కిరీటాలు తయారు చేసేవాడు. దూరం నుంచి చూస్తే నిజమైన కిరీటమే. లోపలివైపు మాత్రం చైనీసు అక్షరాలు అలాగే ఉండేవి. పక్కింటి ముసలాయన ఒకసారి కళ్లజోడు సర్దుకుని చదివి, "తామరగింజల ముద్ద, గుడ్డుసొనలు రెండు" అని అర్థం చెప్పాడు. ఆ ఏటి మా చక్రవర్తి శిరస్సున ఉన్న వివరం అది.

అతని పిచ్చి ఎంతదూరం వెళ్లేదో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. ఇక్కడి భోజనశాలల్లో ఖాళీ బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టి వెళితే ఆ చోటు మనదైనట్టు. దాన్నే చోప్ చేయడం అంటారు. అతను టిష్యూ బదులు కిరీటం పెట్టి వెళ్లేవాడు. నేను చూసినంతలో ఆ బల్ల జోలికి ఒక్కరూ రాలేదు. ఇక ట్రెయిన్‌లో, బూన్ లేలో ఎక్కింది మొదలు ఎదురుగా ఉన్న అద్దంలో తన మొహం చూసుకుంటూ, శబ్దం లేకుండా, రసాలన్నీ వరసగా సాధన చేసేవాడు. తంజోంగ్ పగార్ స్టేషన్ వచ్చేసరికి కరుణ ముగిసేది. రాఫెల్స్ ప్లేస్‌లో దిగవలసిన సూటు ఉద్యోగులు తలుపుల దగ్గర గుమిగూడే వేళకు రౌద్రం అందుకునేవాడు. వాళ్లు అతన్ని ఏమీ అనేవారు కాదు; ఒక్కడుగు దూరం జరిగేవారంతే. "చూశావా బావా, ప్రేక్షకుడు కదిలాడు" అనేవాడు నా చెవిలో.

నన్ను కూడా నటుణ్ని చేయాలని మొదట్లో ప్రయత్నించాడు. భటుడి వేషం, ఒకటే మాట. ఈటెను నిలువుకు ఎన్ని డిగ్రీల వాలులో పట్టుకోవాలని అడిగాను. అతను ఈటె వెనక్కి తీసుకుని, "నువ్వు తెర పక్కకు రా బావా" అన్నాడు. అలా నేను ప్రాంప్టర్‌ని అయ్యాను. ఎడమచేతిలో స్టాప్‌వాచీ, కుడిచేతిలో నాటక ప్రతి, ముందు ఒక బడి పిల్లల రూళ్ల పుస్తకం. ఏ రంగం ఎన్ని నిమిషాలు, ఏ మాటకూ ఏ మాటకూ నడుమ ఎన్ని సెకన్లు, అన్నీ అందులో రాసేవాణ్ని. నాటకంలో ఒక్క అక్షరం మారినా అతను ఊరుకునేవాడు కాదు. మంత్రివేషం వేసిన కుర్రాడొకడు 'కాదు ప్రభూ' అనవలసినచోట 'కాదండి ప్రభూ' అన్నందుకు ఆ ఒక్క ముక్కనూ పదకొండుసార్లు చెప్పించాడు. లెక్క నాదే కాబట్టి సంఖ్యలో తేడా లేదు.

ఇంకో నియమం కూడా ఉండేది. ప్రాంప్టర్‌కు కూడా రంగు పూయాలి. "తెర పక్కన ఉన్నవాడు కూడా నాటకంలో ఉన్నవాడే బావా. నాటకంలో ఉన్నవాడు మామూలు మొహంతో ఉండకూడదు" అని, నటులందరి కంటే ముందు నన్ను కూర్చోబెట్టి, గులాబీపొడి అద్ది, కళ్లకు కాటుక దిద్ది, నిలువుబొట్టు పెట్టేవాడు. ఎవరికీ కనపడని చీకటి మూలలో, రాజాస్థానానికి తగిన అలంకరణతో, స్టాప్‌వాచీ పట్టుకుని నేను ఏడేళ్లు నిలబడ్డాను. భోజనాల దగ్గర నా మొహం చూసి, "మీరు ఏ పాత్ర అంకుల్?" అని పిల్లలు అడిగేవారు. జవాబు చెప్పడం కష్టంగా ఉండేది.

ఎనిమిదో ఏడు వచ్చేసరికి చిక్కు మొదలైంది. అంతకు ముందటి ఏడు నాటకంలో అతను రెండుచోట్ల ఎదుటివాడి మాట పూర్తికాకముందే తన మాట అందుకున్నాడు. వయసు అనుకున్నారు. మా సంఘం కార్యదర్శి బ్యాంకు సాఫ్ట్‌వేర్ చూసే యువకుడు. చెడ్డవాడు కాడు, హాలు అద్దెకు తీసుకున్న ప్రతి నిమిషానికీ జవాబు చెప్పవలసినవాడు. ఒక ఆదివారం రిహార్సల్‌కు వచ్చి, చేతులు నలుపుకుంటూ చెప్పాడు: "బాబాయ్‌గారూ, మీరు డైరెక్షన్ చేస్తే చాలండీ. వేషం మావాళ్లెవరికైనా ఇవ్వండి. ఈసారి కూడా అటూ ఇటూ అయితే, ఆ స్లాట్ డాన్సులకు ఇచ్చేద్దామని కమిటీలో అనుకుంటున్నారు."

మా మిత్రుడు అతని పెదవుల వంకే చూస్తూ విని, "ఈ ఒక్కసారి వేస్తాను. తేడా వస్తే మీ ఇష్టం" అన్నాడు.

అలా పెదవుల వంక చూడడాన్ని నేను వినయం అనుకున్నాను. కొలతలు తప్పు చెప్పవుగానీ, కొలిచేవాడు ఏం కొలవాలో తెలుసుకోవడానికి సమయం పడుతుంది. వరసగా ఆరు ఆదివారాలు రిహార్సల్ తర్వాత మేమిద్దరం భోజనానికి వెళ్లాం. అతనికి ప్రాణమైన కొబ్బరిపాల అన్నం, నెంబరు పిలిచే దుకాణంలో దొరుకుతుంది. అతను దాన్ని మానేశాడు. ఆరుసార్లూ, రుచితో నిమిత్తం లేకుండా, వణికే బిళ్ల ఇచ్చే దుకాణానికే వెళ్లాడు. ఏడో ఆదివారం అతను మైనాల గుంపును చూస్తూ అటు తిరిగి ఉన్నప్పుడు, మామూలు గొంతుతో అన్నాను: "బావా, నీకు వినపడటం లేదు కదా." అతను కదలలేదు. అంతలో బల్ల మీద బిళ్ల కొట్టుకుంది. అతను ఇటు తిరిగి దాన్ని అరచేత్తో కప్పి, చిన్నపిల్లవాడిలా నవ్వాడు. నేను లేచి, అతని ఎదురుగా కూర్చుని, అదే మాట మళ్లీ అన్నాను.

నవ్వు ఆగింది. "ఎప్పటినుంచి తెలుసు?" అన్నాడు.

"ఇప్పటినుంచే."

"కమిటీకి చెబుతావా?"

చెప్పనన్నాను. అతను లేచివెళ్లి ఇద్దరికీ భోజనాలు తెచ్చాడు. తింటూ తింటూ, డాక్టరు చెప్పినదంతా, ఏదో ఒక పాత్ర సంగతి చెబుతున్నట్టు చెప్పాడు. చెల్లెమ్మకు మాత్రమే తెలుసట. చెవిలో పెట్టుకునే యంత్రం ఇచ్చారు. ఇంట్లో కొంతవరకు పనిచేస్తోంది. కానీ సవరపు జుట్టూ దాని మీద రేకు కిరీటమూ పెట్టగానే అది కీచుమని ఈల వేస్తోంది. "చక్రవర్తి తలలోంచి కుక్కర్ కూత వస్తే ఎలా బావా?" అన్నాడు. అందువల్ల యంత్రం తీసేసి, పెదవులు చూసి నెట్టుకొస్తున్నాడు. ఎదురుగా మాట్లాడేచోట్ల ఇబ్బంది లేదు. చివరి రంగంలోనే ఉంది గండం.

ఆ ఏటి నాటకం, యుద్ధం గెలిచి ఆ గెలుపును భరించలేక రాజ్యం వదిలి వెళ్లిపోయే ముసలిరాజు కథ. చివరలో రాజు సభకు వీపు చూపించి మూడడుగులు వేస్తాడు. వెనక నుంచి మనవరాలు, "తాతా, నన్ను కూడా తీసుకెళ్తావా?" అని అడుగుతుంది. రాజు తిరగకుండానే, "తీసుకెళ్లలేను తల్లీ. ఈ దారి ఒక్కరికే పడుతుంది" అని వెళ్లిపోతాడు. తెర.

మనవరాలు మన ఎనిమిదో అంతస్తు పాప. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బడిలో ఇంగ్లీషు. తెలుగు తల్లి నేర్పినంత. తల్లి ఆ మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో అట్టముక్క మీద రాసిచ్చి, రిహార్సల్ జరిగే ప్రతిసారీ స్తంభం పక్కన కూర్చుని, "జల్దీ నక్కో బేటా, ఆహిస్తా" అని, తొందరపడొద్దన్నట్టు చేత్తో సైగ చేసేది. మా బ్లాకు కింద, గోడలు లేని ఖాళీ జాగాలో, నేల మీద రంగు టేపుతో గీసిన రంగస్థలం మాది. కథ మొదటిసారి విన్నప్పుడే ఆ పిల్ల నొసలు ముడిచింది.

"వై కాంట్ హి బ్రింగ్ హర్? సో మీన్ లా, దిస్ తాత" అంది, ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే ఆ 'లా'తో.

"గెలిచినవాడు ఒక్కడే పోవాలమ్మా" అన్నాడు మా మిత్రుడు, ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని.

"ఎందుకు?"

నేను పాప పక్షం వహించి, తీసుకెళితే నాటకానికి నష్టమేమిటని అడిగాను. "రాసింది రాసిందే బావా" అన్నాడు. ఆ విషయం అక్కడితో ముగిసింది.

రిహార్సళ్లలో మూడో అడుగు దగ్గర అతను మెడ కొద్దిగా తిప్పి, పాప పెదవులు కదలడం ఓరకంట చూసుకుని, తన మాట చెప్పేవాడు. ఆ తిప్పడం అతనికి నచ్చేది కాదు. "వెళ్లిపోయే రాజు వెనక్కి చూడకూడదు. చూశాడంటే వెళ్లడు" అని బాధపడేవాడు. ఒకరోజు ఫుడ్ కోర్టు బిళ్లను చేతిలో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, నా వంక చూశాడు. నాకు అర్థమైంది.

పాత సెల్‌ఫోన్‌లోని వణికే మోటారు ఒకటి, వైర్లు లేని కాలింగ్‌బెల్ ఒకటి తీసుకుని, బెల్లులోని స్పీకరు తొలగించి మోటారు అమర్చాను. నా చేతిలో బెల్లుమీట, అతని నడుముపట్టీలో అగ్గిపెట్టెంత డబ్బా. బ్లాకు కింద పరీక్షిస్తే ముప్పై అడుగుల దూరం నుంచి నూరుసార్లు నొక్కితే నూరుసార్లూ వణికింది. మా ప్రయోగశాల పద్ధతిలో దాని మీద ఒక చీటీ కూడా అంటించాను: పరీక్షించిన తేదీ, తదుపరి పరీక్ష తేదీ, నా సంతకం. అతను ఆ చీటీని చూసి మురిసిపోయినంతగా మోటారును చూసి మురిసిపోలేదు.

డబ్బా సిద్ధమయ్యేసరికి ఒక్క రిహార్సలే మిగిలింది. మర్నాటి నుంచి బడిలో పరీక్షలని ఆ రోజు పాప రాలేదు. మనవరాలి మాటలు నేను చదివాను. "తాతా, నన్ను కూడా తీసుకెళ్తావా?" అని నలభై తొమ్మిదేళ్ల నేను ఖాళీ జాగాలో నిలబడి అడుగుతుంటే, రాతిబల్ల దగ్గర చదరంగం ఆడుతున్న ముసలాయనలు ఆట ఆపి చూశారు. మీట నొక్కాను. మా మిత్రుడు మెడ తిప్పలేదు. వీపుతోనే విన్నట్టుగా ఆగి, తన మాట చెప్పి, నడిచి వెళ్లిపోయాడు. స్తంభం అవతల నుంచి తిరిగివచ్చి, నా భుజం మీద చేయి వేసి, "ఇప్పుడు రాజు వెళ్లాడు బావా" అన్నాడు. అతని కళ్లలో నీళ్లు చూడడం నాకు అదే మొదలు.

నాటకం రోజు హాల్లో ఒక కొత్త ఇబ్బంది కనిపెట్టాను. స్పీకర్లన్నీ ప్రేక్షకుల వైపు తిరిగి ఉన్నాయి. నా మూలలో నెత్తిమీదే ఏసీ గొట్టం హోరు. పెద్దవాళ్ల మాటలు అందుతున్నాయి గానీ పాప గొంతు అందడం లేదు. అటువంటప్పుడు మరొకడైతే అవతలి మూలకు మారేవాడు, లేదా పాప మొహం కనిపించేచోట నిలబడేవాడు. నేను నా పుస్తకం తెరిచాను. పాప పాల్గొన్న రిహార్సళ్లన్నిటిలోనూ, మూడో అడుగు నేలను తాకిన క్షణం నుంచి ఆమె మాట ముగిసేదాకా పట్టిన కాలం నాలుగు సెకన్లు. తేడా అర సెకను లోపే. ఇంత నిలకడ మా ప్రయోగశాలకు వచ్చే కొన్ని పరికరాలకు కూడా ఉండదు. నా చెవిని పక్కనబెట్టి నా పుస్తకాన్ని నమ్మాను. బహుశా నాలాంటివాడు మాత్రమే చేయగల పొరపాటు అది.

చివరి రంగం వచ్చింది. రాజు సభకు వీపు చూపించాడు. ఒకటి. రెండు. మూడు. స్టాప్‌వాచీ నాలుగు చూపించింది. మీట నొక్కాను.

"తీసుకెళ్లలేను తల్లీ. ఈ దారి ఒక్కరికే పడుతుంది" అన్నాడు మా మిత్రుడు, గంభీరంగా, హాలు చివరిదాకా వినిపించేలా.

పాప నోరు తెరవనే లేదు. అడగని ప్రశ్నకు జవాబు వచ్చింది. ముందు వరసలో ఎవరో ఫక్కున నవ్వారు. వెనక ఇంకొందరు. అవతలి వింగులో నిలబడ్డ కార్యదర్శి నుదురు పట్టుకున్నాడు. ఆ నవ్వు అతనికి వినపడదు. అతను నాలుగో అడుగు వేయబోతున్నాడు. వేస్తే రాజు తప్పులో కాలువేసినట్టే వెళ్లిపోతాడు, అతని ఆఖరి వేషం నవ్వులపాలవుతుంది, దానితోపాటు మా ఏడాదికొక్క అరగంట కూడా పోతుంది. నా చేతిలో మీట ఉంది. కానీ ఆగు అని చెప్పడానికి మేం ఏ గుర్తూ పెట్టుకోలేదు. వణికితే మాట్లాడు అన్నదొక్కటే మా భాష.

అప్పుడు పాప పరుగెత్తింది. ప్రతిలో లేని పరుగు అది. అతని ఉత్తరీయం చెంగు పట్టుకుని లాగింది. రాజు తిరిగాడు. పాప మొహం చూశాడు. ఆ మొహంలో ఇంకా అడగని మాట అలాగే ఉండటం చూశాడు. ఏం జరిగిందో అతనికి తెలిసిపోయిందని నాకు తెలిసింది. హాలు నవ్వడం మానేసింది. అతను ఎంతసేపు అలా నిలబడ్డాడో చెప్పలేను. తర్వాత మెల్లగా మోకాళ్ల మీదికి దిగి, కిరీటం తీసి పక్కన పెట్టి, ఆమె కళ్లలోకి చూస్తూ అన్నాడు:

"నువ్వు అడగనే లేదు కదమ్మా. అయినా నాకు వినపడింది."

పాప అప్పుడు అడిగింది. ఒక్కొక్క మాటా విడదీసి, పెదవులు పెద్దవిగా కదుపుతూ అడిగింది. "తాతా. నన్ను కూడా. తీసుకెళ్తావా?"

నా బొటనవేలు మీట మీదే ఉంది. నొక్కలేదు. నొక్కవలసిన అవసరం లేదు.

తన జీవితంలో ఒక్క అక్షరం మార్చనివ్వని మనిషి, ఆమె చేయి పట్టుకుని లేచి, "పద తల్లీ" అన్నాడు. ఇద్దరూ కలిసి నడిచి నా మూలలోకే వచ్చేశారు. తెర దించవలసిన కుర్రాడు తెర దించడం మరిచిపోయాడు. రంగస్థలం మధ్యలో కిరీటం ఒక్కటే ఉంది, లోపలివైపు పైకి పెట్టుకుని, తామరగింజల ముద్ద, గుడ్డుసొనలు రెండు.

చప్పట్లు మొదలయ్యాయి. చప్పట్లు కొడుతున్నారని అతనికి చేత్తో సైగ చేసి చెప్పాను. క్షమించమని కూడా చెప్పబోయాను. అతను నా మొహం చూసి, "కాటుక కారుతోంది బావా, తుడుచుకో. నాటకంలో ఉన్నవాడు అలా ఉండకూడదు" అన్నాడు. అంతలో కార్యదర్శి పరుగున వచ్చి, అలవాటుకొద్దీ నన్నే అడిగాడు: "సార్, ఎన్ని నిమిషాలు ఎక్కువైంది?" నేను స్టాప్‌వాచీ వంక చూడకుండానే, "సమయానికే ముగిసింది" అన్నాను. ముప్పై ఏళ్ల వృత్తిలో చూడకుండా చెప్పిన కొలత అదొక్కటే.

మా మిత్రుడు ఆ సాయంత్రమే, భోజనాల వరసలో, కార్యదర్శికి తన చెవుల సంగతి చెప్పేశాడు. ఆ యువకుడు చేతిలోని పళ్లెం బల్ల మీద పెట్టేసి, "మరి బాబాయ్‌గారూ, నేను అన్న మాటలు..." అని ఆగాడు. "వినపడలేదులే" అన్నాడు ఇతను. అరగంట మాకే మిగిలింది. ఆ తర్వాత అతను వేషం కట్టలేదు. నాలుగేళ్లు, పెదవులు చూస్తూ, దర్శకత్వం చేశాడు. తర్వాత ఒక వానాకాలంలో జ్వరంతో ఆసుపత్రికి వెళ్లి తిరిగి రాలేదు. చెల్లెమ్మ ఊరికి వెళ్లేముందు నన్ను పిలిచి, నడుముపట్టీలోని డబ్బాను నా చేతిలో పెట్టింది. "దీన్ని పారేయనివ్వలేదన్నయ్యగారూ. మీ సంతకం ఉందిట" అంది. ఇప్పుడు అది నా సొరుగులో ఉంది. తదుపరి పరీక్ష తేదీ దాటి చాలా ఏళ్లయింది.

ఇక, శనివారం ఆ అమ్మాయి చెప్పిన మాట. ఇన్నేళ్లూ నేను ఆ రోజు పాప తన మాట మరిచిపోయిందనుకున్నాను. నా తప్పు నాదే అయినా, అందులో ఆమె తడబాటుకు కూడా కొంత భాగం ఉందని మనసులో ఒక మూల అనుకుంటూ వచ్చాను. ఆమె ఖాళీ గిన్నెలో చెంచా తిప్పుతూ అంది: "అంకుల్, అందరూ నేను మర్చిపోయాననుకున్నారు. మర్చిపోలేదు లా. ఆయన నన్ను చూస్తేనే ఆయనకి తెలుస్తుంది కదా. ఎవ్రీ టైమ్ హి టర్న్స్ ఎ లిటిల్, దెన్ ఓన్లీ ఐ సే. ఆరోజు ఆయన టర్న్ అవలేదు. సో ఐ వెయిటెడ్."

"ఆయనకు వినపడదని నీకు తెలుసా?"

"అఫ్‌కోర్స్. ఫస్ట్ డే నుంచి."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"ఆయన చెప్పలేదు కదా" అంది, అదేదో అందరికీ తెలిసిన మర్యాద అన్నట్టు.

ఆమె బస్సు వచ్చింది. వెళ్లిపోయింది. నేను ఇంటికి వచ్చి ఆ రూళ్ల పుస్తకం తీశాను. రిహార్సళ్లన్నిటా అదే అంకె, నాలుగు. ఆ నాలుగులో మొదటి రెండు సెకన్లు ఒక ఎనిమిదేళ్ల పిల్ల ఒక మనిషి మెడ తిరగడం కోసం ఎదురుచూడటమని నా పుస్తకానికి తెలియదు. నేనే ఆ మెడ తిరగనవసరం లేకుండా చేశాను; ఆ సంగతి పాపకు చెప్పనేలేదు. ఆమె ఆ రోజు కూడా ఎదురుచూసింది; నేనే చూడలేదు. చివరి పుటలో నాటకం రోజు వివరాలున్నాయి. మొదటి రంగం ఆరు నిమిషాలు, రెండోది పదకొండు, మూడోది తొమ్మిది. చివరి రంగం ఎదురుగా ఖాళీ. రాజు మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు నా వేళ్లలోంచి స్టాప్‌వాచీ జారింది. దాన్ని ఆపడం మరిచిపోయాను. కొలిచిన కాలాలన్నీ ఆ పుస్తకంలో ఎప్పుడో ముగిసిపోయాయి. ఆపడం మరిచిన ఆ ఒక్కటి మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది.